417 గారి అభిప్రాయం

జూన్ 4

ఆరో భాగం వచ్చింది. పార్సిల్ తాడు నేనే కోశాను. ఒక్కటే ప్రతి. వెనక అట్ట లోపల అభిప్రాయాల కాగితం అంటించి స్కేలుతో మూడు గడులు గీశాను. నంబరు, తేదీ, అభిప్రాయం. పేరుకు గడి లేదు. మా లైబ్రరీలో ఇది పెద్దాయన పెట్టిన పద్ధతి. పేరుంటే జనం మొహమాటానికి మెచ్చుకుంటారట. అందుకని కార్డు నంబరు ఒక్కటే రాయాలి. ముప్ఫై ఏళ్ళ క్రితం లైబ్రరీ తెరిచిన రోజు నుంచీ ఇదే వరస.

ఐదో భాగం చివర మేజర్ వంతెనతో సహా నదిలో పడిపోయాడు. డాక్టరమ్మ ఒడ్డున నిలబడి ఉంది. సరిగ్గా అక్కడ ఆపేశాడు దుర్మార్గుడు, ఆ రచయిత. ఆ ఐదో భాగం వెనక కాగితం మీద మా ఆయన రాసింది నాకు కంఠతా వచ్చు. "417. మేజర్ చావడు. డాక్టరమ్మ ఇంకా పెళ్ళికి ఒప్పుకోలేదు. చచ్చే తీరిక అతనికి లేదు."

కొత్త పుస్తకం ముందు చందాదారులకు ఇవ్వాలని నియమం. ఇవ్వను. నేను చదివాకే ఎవరైనా. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేశాను.

జూన్ 6

బతికే ఉన్నాడు! పద్నాలుగు నెలల తర్వాత వచ్చాడు. ఆస్పత్రి మెట్ల మీద గడ్డంతో కూర్చుని ఉంటే డాక్టరమ్మ డ్యూటీ దిగి వస్తూ చూసింది. మూడు పేజీల దాకా ఇద్దరూ ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

నేను చెప్పలేదూ? నాకు తెలుసు.

జూన్ 7

మాకింకా పది నెలలే అయింది.

జూన్ 19

లెక్కల మాస్టారు పుస్తకం తిరిగిచ్చారు. 132 ఆయనే. పేర్లు రాయకూడదన్న మాటేగానీ, బల్ల దగ్గర కూర్చునే నాకు ఎవరి నంబరేదో తెలియదా? పరీక్ష పేపరు దిద్దినట్టు ఎర్ర సిరాతో రాశారు.

"132. వెనకటి భాగాల్లో ఉన్న ఉత్కంఠ ఇందులో లేదు. పద్నాలుగు నెలలు ఆచూకీ లేని మనిషి బతికి రావడం పాఠకుడి తెలివిని అవమానించడమే. మేజర్‌ను ఐదో భాగంలోనే చంపేసి ఉంటే గౌరవంగా ఉండేది."

గౌరవంగానట! ఒళ్ళు మండిపోయింది. పైగా ఎదురుగా నిలబడి "ఎలా ఉందమ్మా నేను రాసింది?" అని అడిగారు. "చాలా బావుంది మాస్టారూ" అన్నాను. నా మొహం.

ఇప్పటికి నలుగురు రాశారు. ముగ్గురిదీ అదే పాట. నమ్మలేం, నమ్మబుద్ధి కాలేదు, సినిమా కథ. యుద్ధం అంటే తెలియని మహానుభావులు, ఎవరు బతుకుతారో ఎవరు పోతారో వీళ్ళు తేల్చేస్తారు. ఒక్క కుట్టుపని ఆవిడ మాత్రం మంచి ముక్క రాసింది. "88. నాకు నచ్చింది. చివర ఏడ్చాను. అయినా 417 గారు ఏమంటారో చూడాలి. ఆయన వెటకారం లేకపోతే ఈ నవలలు ఉప్పులేని కూరలాగ ఉంటాయి. ఎక్కడున్నారండీ 417 గారూ?"

పుస్తకం మూసి బీరువాలో పెట్టాను. మళ్ళీ తీసి చదివాను.

ఎక్కడున్నారండీ.

జూన్ 27

మిలిటరీ రికార్డు ఆఫీసు నుంచి కవరు. అత్తయ్యకు రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరిపోయాయి కాబట్టి ఏ కవరొచ్చినా చదవాల్సింది నేనే.

"ఏముందే అందులో?" అంది.

"ఇంకా వెతుకుతున్నారట అత్తయ్యా. ఏమీ తెలియలేదట."

"హమ్మయ్య" అంది అత్తయ్య. తెలియలేదంటే హమ్మయ్య అనుకునే ఇల్లయిపోయింది మాది.

అందులో ఉన్నది అది కాదు. ఏడాది నిండబోతోంది కాబట్టి ఆయన మరణించినట్టు నమోదు చేస్తారట. దానికి భార్యా తల్లీ ఇద్దరూ సంతకాలు పెట్టాలట. అడుగున రెండు చుక్కల గీతలు, ఒకటి నాకు, ఒకటి ఆవిడకు. బట్టల బీరువాలో అడుగు అరలో పరిచిన కాగితం కింద దాచేశాను.

అక్టోబరుకు పద్నాలుగు నెలలవుతుంది. అందాకా ఆగితే ఎవరి సొమ్మేం పోయింది?

జూలై 2

గస్తీకి తొమ్మిది మంది వెళ్ళారు, ఎనిమిది మంది వచ్చారు. వాగు దాటుతుంటే నీళ్ళు పెరిగాయి. ఆయన వీపు మీద రేడియో పెట్టె ఉంది. పెట్టె రెండు మైళ్ళ దిగువన దొరికింది. ఆయన దొరకలేదు.

పెట్టె పట్టీలు విప్పి ఉన్నాయని వాళ్ళే రాశారు. తెగలేదు, విప్పి ఉన్నాయి. అంటే విప్పే ఓపిక ఉందనేగా? చేతులు పనిచేశాయనేగా? ఈ చిన్న విషయం ఆఫీసులో ఇంతమందికి ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

జూలై 9

నా నంబరు 9. ఉద్యోగంలో చేరిన రోజున పెద్దాయన తనకు తెలిసిన అంకెల్లో అదే బావుంటుందని ఇచ్చారు.

మొదటి భాగం వెనక, "417. హీరోయిన్ చెయ్యి పట్టుకుని నలభై రెండో పేజీ నుంచి యాభై ఆరో పేజీ దాకా పరిగెత్తాడు. మధ్యలో ఇద్దరు శత్రువులని కాల్చాడు. మూడో చెయ్యి ఎప్పుడు మొలిచిందో రాయలేదు" అని ఉంటే పగలబడి నవ్వాను. దాని కింద "9. మూడో చెయ్యి రెండో భాగంలో వస్తుందట, ఓపిక పట్టండి" అని రాశాను. ఆరు నెలలకు సెలవు మీద వచ్చినప్పుడు దాని కింద, "417. ఈ 9 గారు పుస్తకాలు చదువుతారా, పాఠకుల్ని చదువుతారా?" అని ఉంది. అలా రెండేళ్ళు పుస్తకాల వెనకే మాట్లాడుకున్నాం. నాలుగో భాగం వెనక పెళ్ళి సంగతి అడిగారు. ఆ కాగితం పెద్దాయన ఊడదీసి నాకిచ్చేశారు, ఇది జనం చదివేది కాదమ్మా అని.

నెలకో మంచి అభిప్రాయం చార్టు మీద ఎక్కించి గుమ్మం దగ్గర పెట్టేవాళ్ళం. అది నా పని. ఆయన అభిప్రాయమైతే ఆయన రాతలోనే దించేదాన్ని. కష్టమేం కాదు. మాట మొత్తం రాసేసి, అప్పుడు వెనక్కొచ్చి తలకట్లన్నీ వరసగా టిక్కులు కొట్టినట్టు పెడతారు. అదొక్కటి పట్టుకుంటే మిగతాదంతా చేతికి అదే వస్తుంది. మొదటిసారి చార్టు చూసి, "ఇది నేనెప్పుడు రాశాను?" అని బుర్ర గోక్కున్నారు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానో.

జూలై 15

ఈరోజు సెలవు. పుస్తకాలు దులపాలని చెప్పి తాళంచెవి తీసుకున్నాను. దులిపాను కూడా, రెండు అరలు.

రాశాను.

"417. ఆలస్యానికి క్షమించాలి, పనిమీద దూరం వెళ్ళాను. 132 గారు లెక్క తప్పారు. రానివాళ్ళని లెక్కపెట్టారుగానీ దారిలో ఉన్నవాళ్ళని వదిలేశారు. ఇకపోతే బూట్లు. పద్నాలుగు నెలలు కొండలూ వాగులూ తిరిగినా మేజర్‌గారి బూట్లకి ఒక్క చిల్లు పడలేదు. ఆ కొట్టు ఎక్కడుందో రచయితగారు ఏడో భాగంలోనైనా చెప్పాలి."

తలకట్లు ఆఖర్న పెట్టాను. చదువుకుంటే నవ్వొచ్చింది. నా జోకుకి కాదు, ఆయన జోకుకి. ఇన్ని నెలల్లో ఇదే మొదటిసారి నవ్వడం.

జూలై 16

ఇందులో తప్పేమీ లేదు.

జూలై 17

ఇందులో తప్పేమీ లేదు. ఆయన చదివితే ఇదే రాసేవారు. వచ్చాక చూపిస్తే, "ఇది నేనెప్పుడు రాశాను?" అంటారు.

జూలై 30

"88. వచ్చారండీ బాబూ! ప్రాణం లేచొచ్చింది. బూట్ల ముక్క మా ఆయనకి చదివి వినిపించాను, మెషిన్ ఆపి మరీ నవ్వాం."

"132. 417 గారి వాదనతో ఏకీభవించలేను. అయినా వారిని తిరిగి ఈ కాగితంపై చూడటం సంతోషం."

ఇంకో ఇద్దరు కూడా రాశారు. అందరికీ సంతోషమే. ఇంతమంది ఎదురుచూస్తున్నారు ఆయన కోసం, ఒక్కళ్ళకీ మొహం తెలియదు. మాస్టారికి మళ్ళీ ఒక జవాబు ఇచ్చాను, రెండే వాక్యాలు. ఇవ్వకపోతే ఆయన ఊరుకునే రకమా?

ఆగస్టు 11

ఏడాది.

ఆగస్టు 20

అత్తయ్యకు కంటి ఆపరేషన్ అయింది. "వాడు వచ్చాక చేయించుకుంటాను, ఇప్పుడేం తొందర" అని ఏడాదిగా మొండికేసింది. చివరికి, "మీ అబ్బాయి వచ్చి గుమ్మంలో నిలబడితే ఎవరు బాబూ మీరు అని అడుగుతారా?" అన్నాను. అంతే, లేచి చెప్పులేసుకుంది.

కట్టు విప్పగానే నన్ను ఎగాదిగా చూసి, "ఇదేమిటే ఇలా చిక్కిపోయావు? నాతో ఒక్కళ్ళూ చెప్పలేదే!" అంది. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆస్పత్రి మెట్లు. ఎవరూ గడ్డంతో కూర్చుని లేరు.

సెప్టెంబరు 3

"వాడు పుస్తకాల వెనక ఏదో గిలుకుతాడటగా. తెచ్చిపెట్టవే, కళ్ళొచ్చాయి కదా, చదువుతాను" అంది అత్తయ్య. ఐదు భాగాలూ తెచ్చాను. కథ జోలికి వెళ్ళలేదు. ఒక్కో పుస్తకం తిరగేసి వెనక అట్ట తెరవడం, వేలు పెట్టి నంబర్లు వెతకడం, 417 కనబడగానే కళ్ళద్దాలు తుడుచుకోవడం. వాళ్ళబ్బాయి నంబరు ఆవిడకి తన వయసు కంటే బాగా గుర్తు.

"చూశావా, చూశావా, తలకట్లు మళ్ళీ ఆఖర్నే పెట్టాడు వెధవ. పలక మీద నేర్పేటప్పుడు ఎన్ని మొట్టికాయలు తిన్నాడో. ఏ అక్షరానికి ఆ అక్షరం పూర్తిచెయ్యరా అంటే, అన్నీ అయ్యాక ఒకేసారి టోపీలు పెడతానమ్మా అనేవాడు."

టోపీలు. నాకెప్పుడూ చెప్పలేదు ఆయన. ఇద్దరం నవ్వి నవ్వి, ఎవరు ముందు ఏడ్చామో తెలియదు.

"ఆరోది కూడా వచ్చిందటగా?" అంది.

"బయటికెళ్ళింది అత్తయ్యా. వరసలో పదిమంది ఉన్నారు."

సెప్టెంబరు 12

మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆ కాగితం ఊడదీసేద్దామని బీరువా దాకా వెళ్ళాను. ఆగస్టులో రాసిన దానితో కలిపి అప్పటికి ఆయనవి మూడు ఉన్నాయి అందులో. చింపడానికి చెయ్యి రాలేదు. ఆయన రాసినవి ఎలా చింపను?

సెప్టెంబరు 19

నిన్న పొద్దున్నుంచీ సాయంత్రం దాకా బైండింగు షాపులోనే. ముప్ఫై పుస్తకాలకు కుట్లు ఊడిపోయాయి. ఇంటికొచ్చేసరికి అత్తయ్య కాళ్ళు కడుక్కుంటోంది. వీధి చివరి దాకా నడిచిందట, ఒక్కతే. కళ్ళు రాగానే కాళ్ళు కూడా వచ్చాయి ఆవిడకి.

సెప్టెంబరు 26

అత్తయ్య ఎంత మారిపోయిందో. కూనిరాగాలు తీస్తోంది. ఆయన చొక్కాలన్నీ ఉతికి ఇస్త్రీ చేసింది. ఏడాదికి ఆవిడ మొహం తేటపడింది. ఈ ఆపరేషన్ ఏదో ముందే చేయించాల్సింది.

మధ్యాహ్నానికి డబ్బా తనే కట్టిస్తోంది, ఇద్దరికి సరిపోయేంత. "ఇంత ఎందుకు అత్తయ్యా?" అంటే, "పంచుకుని తిను" అని అదోలా నవ్వింది. పెద్దాయనకి సగం పెట్టాను. వంట బాగా కుదిరింది.

అక్టోబరు 6

"అక్కడ అంతా బాగున్నారా?" అని అడిగింది, నేను బయల్దేరుతుంటే.

"ఎక్కడ?"

"అదే, లైబ్రరీలో."

"అందరూ బాగానే ఉన్నారు."

"సరేలే. నేనేం అడగను. మీకు చెప్పాలనిపించినప్పుడే చెప్పండి."

పెద్దాయన గురించీ నా గురించీ ఏమైనా చాడీలు విందేమోనని నవ్వుకున్నాను. డెబ్భై మూడేళ్ళు ఆయనకి.

అక్టోబరు 9

ఎలా రాయను. వరసగా రాస్తాను.

పదకొండింటికి రికార్డు ఆఫీసు నుంచి లైబ్రరీకి ఫోను. వెంటనే రమ్మన్నారు. దొరికారు అనుకున్నాను. రోడ్డు ఎలా దాటానో తెలియదు. పద్నాలుగు నెలలు, పద్నాలుగు నెలలు, అనుకుంటూనే మెట్లెక్కాను.

గదిలో అత్తయ్య కూర్చుని ఉంది. ఒళ్ళో ఆరో భాగం.

ఎదురుగా ఫైలాయన. ఆయన పేరు నాకు తెలియదు. ఎప్పుడు వెళ్ళినా మా ఫైలు మీద అరచెయ్యి పెట్టుకుని మాట్లాడతాడు, ఎగిరిపోతుందేమోనన్నట్టు. "సంతకాల కోసం రెండో కవరు పంపామమ్మా. మీ అత్తగారు అది పట్టుకుని వచ్చారు. మీ భర్త బతికే ఉన్నారంటున్నారు. ఈ పుస్తకం రుజువట" అన్నాడు.

నేను బైండింగు షాపులో ఉన్న రోజున అత్తయ్య నడిచింది వీధి చివరి దాకా కాదు, లైబ్రరీ దాకా. బీరువా దగ్గర నిలబడే చదివి, ఎక్కడిది అక్కడ పెట్టేసి వచ్చింది. మూడు వారాలు నోరు మెదపలేదు. నిన్న కవరు చేతికందింది. చదువుకుంది. ఇప్పుడు కళ్ళున్నాయిగా. ఈ పొద్దున నేను వెనక గదిలో ఉండగా లైబ్రరీకి వచ్చి బీరువాలోంచి పుస్తకం పట్టుకెళ్ళింది.

"చూడు బాబూ, జూలై పదిహేను. ఇది జూలై ముప్ఫై. ఇది మొన్న ఆగస్టు. వాడి రాతే. వాడికి అక్షరాలు నేర్పిందాన్ని, నాకు తెలియదా? వస్తున్నాడు, చదువుకుంటున్నాడు, మా కోడలిని కలుస్తున్నాడు. ఇంటికి రావడానికి భయపడుతున్నాడు, అంతే."

ఫైలాయన మెల్లిగా అన్నాడు. "అమ్మా, కనబడకుండా పోయినవాళ్ళకి ఒక పదం ఉంది మా దగ్గర. బతికుండీ డ్యూటీకి రాకుండా దాక్కున్నవాళ్ళకి వేరే పదం ఉంది. ఇది నేను కాగితం మీద పెడితే ఆ రెండో పదమే పెట్టాలి. అప్పుడు ఆయనని వెతికేది మావాళ్ళు కాదు, పోలీసులు."

"పెట్టు బాబూ. ఏ పదమైనా పెట్టు. జైల్లో వేస్తే వెయ్యి. మనిషైతే ఉంటాడుగా, వెళ్ళి చూసుకుంటాను."

బల్ల దగ్గరికి వెళ్ళి, "అవి నేను రాశాను" అన్నాను.

అత్తయ్య నా వంక చూడనైనా చూడలేదు. "అబద్ధం. వాడిని దాస్తోంది. మొగుడి కోసం ఆమాత్రం చెయ్యదా? మంచి పిల్ల."

ఫైలాయన ఒక తెల్ల కాగితం, పెన్నూ నా ముందుకు తోశాడు. "రాసి చూపించండమ్మా. ఆయన రాతలో. ఏదైనా."

కూర్చున్నాను. ఏం రాయాలో తోచలేదు. కంఠతా వచ్చింది అదొక్కటే. మేజర్ చావడు, చచ్చే తీరిక అతనికి లేదు. రాశాను. చెయ్యి వణకలేదు, అదే నాకు ఇప్పటికీ అసహ్యంగా ఉంది. తలకట్లు లేని అక్షరాలు బోడితలలతో వరసకట్టాయి. పెన్ను ఎత్తి వెనక్కి, మొదటి అక్షరం దగ్గరికి వచ్చాను.

అత్తయ్య లేచి నిలబడింది. బల్ల మీదికి వంగి చూస్తోంది. నా మణికట్టు పట్టుకుంది.

"ఆపవే" అంది. "తలకట్లు పెట్టకు. నీకు దణ్ణం పెడతాను, పెట్టకు."

పెట్టకపోతే ఆయన పారిపోయినవాడు. పెడితే పోయినవాడు. ఆవిడ చెయ్యి నా చేతి మీద ఉండగానే పెట్టాను, ఒక్కొక్కటీ, ఆఖరి దాకా. నా మొగుడిని నేనే చంపుకున్నట్టయింది. ఆయన పేరుకు మచ్చ రాలేదు. రాలేదు కదా.

ఫైలాయన పుస్తకం వెనక కాగితాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి, నేను రాసిన కాగితంతో కలిపి ఫైల్లో పెట్టాడు. మళ్ళీ అరచెయ్యి దాని మీద పెట్టుకున్నాడు. ఒక్క మాట కూడా కసరలేదు. కసిరితే బాగుండేది.

అక్టోబరు 10

అత్తయ్య మాట్లాడలేదు.

అక్టోబరు 11

మాట్లాడలేదు. డబ్బా కట్టలేదు.

అక్టోబరు 13

డబ్బా. ఇద్దరికి సరిపోయేంత. పంచుకుని తిను అంది. ఆయన ఆకలిమీద ఉంటారని.

పెద్దాయనకి సగం పెట్టి, వంట బాగా కుదిరింది అనుకున్నాను. ఓరి దేవుడా, నేనేం చేశాను.

అక్టోబరు 15

పెద్దాయనతో అంతా చెప్పేశాను. ఉద్యోగం మానేస్తానన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"జూలైలోనే చూశానమ్మాయీ" అన్నారు. "చార్టు మీద రాసేదానివి కదా, నాకు తెలియదా? పిలిచి చెబుదామనుకున్నాను. ఆ రోజు నువ్వు నవ్వుతూ వచ్చావు. ఏడాది తర్వాత నవ్వావు. నాకు నోరు రాలేదు. పేర్లు వద్దని ఈ పద్ధతి పెట్టింది నేను. తప్పులో సగం నాది. రేపు టైముకి రా."

అక్టోబరు 22

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి అత్తయ్య వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు ఆ రెండో కవరులో వచ్చిన ఫారం. ఆవిడ గీత మీద సంతకం పెట్టి ఉంది. ఏ అక్షరానికి ఆ అక్షరం పూర్తిచేసి, పిల్లలకి నేర్పేంత గుండ్రంగా.

"కూర్చో" అంది. పదమూడు రోజుల తర్వాత మొదటి మాట. కూర్చున్నాను. "నిన్ను తిట్టాలని చూశాను. రోజూ పొద్దున్నే లేచి ఇవాళ తిడదాం అనుకున్నాను. ఏమని తిట్టను? మూడు వారాలు నాకు కొడుకున్నాడు. ఆ మూడు వారాలు నువ్విచ్చినవే."

"అత్తయ్యా…"

"ఉండు, నన్ను చెప్పనీ. సంతకం పెట్టేశాను. ఇక ఎవరికీ ఏ రుజువూ అక్కర్లేదు. ఒక్క ఉత్తరం రాసిపెట్టవే. నాకు. వాడి రాతలో. ఎక్కువొద్దు. 'అమ్మా, బాగున్నాను' అని రాస్తే చాలు. దాచుకుంటాను, ఎవరికీ చూపించను."

పెన్ను తీసుకున్నాను. ఆవిడ అడిగితే రాయనని ఎలా అంటాను? అ రాశాను. నాదే. కొట్టేసి మళ్ళీ రాశాను. నాదే. ఎన్నిసార్లు రాసినా ప్రతి అక్షరమూ అప్పటికప్పుడే పూర్తయిపోతోంది. ఆ చెయ్యి పోయింది. ఆఫీసులో ఆఖరి తలకట్టు పెట్టిన చోటే పోయినట్టుంది. కాగితం నిండా నా రాతే, "అమ్మా, అమ్మా, అమ్మా" అని.

అత్తయ్య కాగితం తన వైపు తిప్పుకుని చూసింది. నాలుగు మడతలు పెట్టి తనే తీసుకుంది.

"పోనీలే. ఎవరు రాస్తేనేం, అమ్మా అనేగా ఉంది" అంది.

ఫారం నా వైపు జరిపింది. సంతకం పెట్టాను. అక్షరం అక్షరం పూర్తిచేసి పెట్టాను.

నవంబరు 2

ఆరో భాగం తిరిగి బీరువాలోకి వెళ్ళాలి. కాగితం కోసేసిన చోట అట్ట బోసిగా ఉంది. కొత్త కాగితం అంటించి గడులు గీశాను. మొదటి వరస నేనే రాశాను.

"9. 417 గారు ఈ పుస్తకం చదవలేదు. ఆయన పేరు మీద రాసింది నేను. ఆయన గత ఏడాది ఆగస్టులో డ్యూటీలో ఉండగా వాగులో పోయారు. నన్ను క్షమించండి."

పోయారు అని రాయడం ఇదే మొదటిసారి. పొద్దున్న పదకొండయింది. బయట ఎవరో సైకిలుకి స్టాండు వేస్తున్నారు. పుస్తకం బల్ల మీద పెట్టి తలుపు తీశాను.

నవంబరు 20

ఇవాళ పుస్తకం మళ్ళీ చేతికొచ్చింది. ఇన్నాళ్ళూ తెరవని వెనక అట్ట భయపడుతూనే తెరిచాను.

88. 132. 60. 251. నంబరూ తేదీ రాశారు. అభిప్రాయం గడి నలుగురూ ఖాళీగా వదిలేశారు. మాస్టారు ఎర్ర పెన్ను వాడలేదు, నీలం సిరాతో రాశారు. ఆ రోజు పుస్తకం తిరిగిచ్చేటప్పుడు "వస్తానమ్మా" అని మాత్రమే అన్నారు, గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి, "నేను రాసిన ఆ 'గౌరవం' మాట… అది నవల గురించేనమ్మా" అన్నారు. నాకు తెలుసు మాస్టారూ అన్నాను.

పోయిన వారం అత్తయ్య లైబ్రరీలో కార్డు తీసుకుంది. పెద్దాయన 417 ఇవ్వబోతే, "అది వాడిది, అలాగే ఉండనివ్వండి" అంది. కొత్త నంబరు 1046. ఆరో భాగం ఇంటికి తీసుకెళ్ళి, కథ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఆరు రోజులు చదివింది. ఈ పొద్దున నా సంచిలో పెట్టి, "తిరిగిచ్చెయ్" అంది.

నాలుగు ఖాళీ గడుల కింద ఉంది, గుండ్రటి అక్షరాలతో.

"1046. ఎవరేమన్నా నాకు కథ నచ్చింది. అబ్బాయి ఇంటికొచ్చాడు."